ఊరి పాత చెట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

రచ్చబండ మర్రి, చెరువుకట్ట మీది చింత, పోచమ్మ గుడి వేప, బడి ముందు రావి. ఇలాంటి చెట్ల గురించి పంచాయతీ వాళ్ళు, యువజన సంఘాలు, ఊరొదిలి వెళ్ళిన వాళ్ళు పదే పదే అడిగే సందేహాలను ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, కావలసింది చూసుకోవచ్చు. ఒక్క మాట ముందే చెప్పాలి. పాత చెట్టుకు గొడ్డలితో ఎంత ప్రమాదమో ప్రేమతో కట్టించే సిమెంటు అరుగుతోనూ అంతే ప్రమాదం. అందుకే ఇక్కడ ఆకుల కంటే నేల గురించే ఎక్కువ రాశాం.

## చెట్టును గుర్తించడం, కొలవడం

మా ఊరి మర్రికి ఐదొందల ఏళ్ళంటారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

కచ్చితంగా తేల్చడం దాదాపు అసాధ్యం. చలిదేశాల ఓక్ చెట్లకు ఏటా ఒక వలయం స్పష్టంగా పడుతుంది, లెక్కపెట్టొచ్చు. మన చెట్లలో టేకు లాంటి కొన్నింటికి తప్ప వలయాలు అంత నమ్మకంగా పడవు. మర్రికి ఇంకో చిక్కు ఉంది. ఊడలు లావెక్కి అసలు మానుతో కలిసిపోతాయి. తాటిచెట్టు మట్టల సందులో పిట్ట వేసిన గింజ నుంచి మొలిచిన మర్రి అయితే, లోపలి తాడి చచ్చిపోయాక మధ్యలో బోలే మిగులుతుంది. కాబట్టి చుట్టుకొలతను బట్టి వయసు కట్టే సూత్రాలు మర్రికి పనిచేయవు.

చేయగలిగింది ఒకటుంది: "ఫలానా ఏడాదికే ఈ చెట్టు ఉంది" అని రుజువు చూపించడం. పాత క్రయ దస్తావేజుల్లో హద్దులు చూడండి. "తూర్పున పెద్ద చింతచెట్టు" అన్న మాట చాలాసార్లు కనిపిస్తుంది. రెవెన్యూ పటాలు, దానశాసనాల్లోని పొలిమేర వివరాలు, 19వ శతాబ్దం మొదట్లో కంపెనీ సర్వేయరు మెకంజీ కోసం రాసిన గ్రామ కైఫీయత్తులు (ఊరి చరిత్రలు), బడి గ్రూపు ఫొటోలు, పెళ్ళి ఫొటోలు అన్నీ పనికొస్తాయి. బోర్డు మీద "500 ఏళ్ళు" అని రాసే కంటే "1931 దస్తావేజులో పెద్ద చెట్టుగా పేర్కొన్నారు" అన్నట్టు రాస్తే ఎవరూ కాదనలేరు.

చుట్టుకొలత ఎక్కడ తీయాలి?

నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర. అటవీశాఖ వాళ్ళదీ ఇదే పద్ధతి. నేల వాలుగా ఉంటే ఎగువ వైపు నుంచి ఎత్తు తీసుకోండి. చుట్టూ అరుగు కట్టి మట్టి పోసి ఉంటే పాత నేలమట్టం నుంచే కొలిచి, ఆ సంగతి పక్కన రాయండి. టైలరు టేపు ఒకటిన్నర మీటరుకే అయిపోతుంది. 30 మీటర్ల టేపు తీసుకెళ్ళండి. మర్రికి అసలు మాను, దానికి అంటుకున్న ఊడలు వేరుచేయడం కుదరకపోతే మొత్తం కొలిచి "ఊడలతో కలిపి" అని రాయాలి. ఈ రెండు మాటలు రాయకపోతే మరుసటి ఏడు కొలిచినవాళ్ళకు వేరే అంకె వస్తుంది. చెట్టు చిక్కిపోయిందని కంగారు పడతారు.

చెట్టు గొడుగు ఎన్ని గుంటలు పరుచుకుందో లెక్క ఎలా?

మాను దగ్గర నిలబడి ఎనిమిది దిక్కులకూ కొమ్మల చివరి ఆకు నీడ వరకు టేపు పట్టండి. ఎనిమిది కొలతల సగటు వ్యాసార్థం. దాన్ని దానితోనే గుణించి, 3.14తో హెచ్చిస్తే చదరపు మీటర్లు వస్తాయి. సగటు 18 మీటర్లు వచ్చిందనుకోండి, విస్తీర్ణం 1,017 చదరపు మీటర్లు. అంటే తెలంగాణ లెక్కన 10 గుంటలు, ఆంధ్ర లెక్కన 25 సెంట్లు. ఒకవైపే విపరీతంగా సాగిన మర్రికి 16 దిక్కులు తీసుకోవడం మంచిది.

ఫొటో ఎప్పుడు తీయాలి?

ఏటా ఒకే నెలలో, ఒకే చోటు నుంచి, పక్కన ఒక మనిషిని నిలబెట్టి. నిలబడే చోట చిన్న రాయి పాతి గుర్తు పెట్టుకోండి. కొమ్మల చివర్లు ఎండుతున్న సంగతి రోజూ చూసే కళ్ళకు తెలియదు. మూడేళ్ళ ఫొటోలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

## జ్ఞాపకాలు రాసి పెట్టడం

చెట్టు గురించి పెద్దవాళ్ళను ఏమని అడగాలి?

"ఈ చెట్టు విశిష్టత చెప్పండి" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. చిన్న చిన్నవి అడగండి. ఉయ్యాల ఏ కొమ్మకు కట్టేవాళ్ళు? సంత రోజున గాజుల మలారం ఎటువైపు దించేవాళ్ళు? బస్సు ఎక్కడ ఆగేది? వీధిబడి పిల్లలు ఏ వేరు మీద కూర్చునేవాళ్ళు? తోలుబొమ్మలాట తెర ఎటు కట్టేవాళ్ళు? ఇలా అడిగితే చెయ్యి చాపి చోటు చూపిస్తూ చెబుతారు. అందుకే వీలైతే చెట్టు కిందే, పొద్దు వాలాక కూర్చోబెట్టి మాట్లాడించండి. ఫోన్లో రికార్డు చేసేటప్పుడు మొదట తారీఖు, ఊరు, చెప్పేవాళ్ళ పేరు, వయసు వాళ్ళ గొంతులోనే పలికించండి. ఫైలు పేరు మారిపోయినా వివరం పోదు.

ఎవరెవరిని అడిగితే సరిపోతుంది?

సర్పంచి, పూజారి, రిటైరైన మాస్టారు చెప్పిందే ఊరి కథ అనుకోకండి. రచ్చబండ అరుగు అందరిదీ కాదు. ఎవరు అరుగు మీద కూర్చున్నారు, ఎవరు కింద నిలబడ్డారు, ఎవరు చెప్పులు చేతబట్టుకుని ఆ దారిన పోయారు అన్నది కూడా చెట్టు చరిత్రే. దళితవాడ పెద్దల దగ్గరకు వాళ్ళ వాడకే వెళ్ళి అడగండి. ఊరి కావలి చేసిన కుటుంబాలు, మేకలు మేపినవాళ్ళు, చింతపండు దులపడానికి కూలికి వచ్చిన ఆడవాళ్ళు చెప్పేవి అరుగు మీది వాళ్ళకు తెలియవు. ఇవి నొప్పించే విషయాలైనా తీసేయకుండా రాయాలి.

తారీఖులు గుర్తులేవంటున్నారు. ఏం చేయాలి?

ఏడాది అడగొద్దు, ముందా వెనకా అని అడగండి. తెలంగాణలో పోలీసు చర్య (1948), కోస్తాలో దివిసీమ ఉప్పెన (నవంబరు 1977), గోదావరి గట్ల మీద 1986 వరద, కోనసీమలో 1996 నవంబరు తుపాను, విశాఖలో హుద్‌హుద్ (అక్టోబరు 2014) మంచి గుర్తులు. "ఉప్పెనకు ముందే ఆ కొమ్మ విరిగిందా?" అంటే ఠక్కున చెబుతారు. ఊళ్ళోకి కరెంటు వచ్చిన ఏడు, బడి కట్టిన ఏడు, ఇంట్లో పెళ్ళిళ్ళు కూడా ఇలాగే వాడుకోవచ్చు.

పెద్దలు చెప్పేదానికీ కాగితానికీ పొంతన కుదరకపోతే ఏది రాయాలి?

రెండూ రాయండి, వేర్వేరు గళ్ళలో. శ్రీ సత్యసాయి జిల్లా గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమాను 5 ఎకరాలకు పైగా పరుచుకుంది, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అది కొలిచిన సంగతి. 1434లో తిమ్మమ్మ సహగమనం చేసినచోట చితికి పాతిన గుంజ చిగురించి ఈ మానైందన్నది తరతరాలుగా చెప్పుకుంటున్న కథ. పిల్లల కోసం అక్కడ మొక్కుకునే వాళ్ళకు ఆ కథే ముఖ్యం. ఒకదాని కోసం ఇంకొకటి చెరిపేయనక్కర్లేదు. రెండూ కలిపి ఒకే వాక్యంలో రాస్తే మాత్రం చదివేవాళ్ళు మొత్తాన్నీ కట్టుకథ అనుకుంటారు.

హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు సంగతి వేరు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. తారీఖు తెలుసు, చెట్టు ఇంకా ఉంది, ఏటా ఆ రోజున అక్కడ జనం గుమిగూడి తలచుకుంటారు. మీ ఊరి చెట్టుకూ ఇలాంటి ఒక తారీఖు దొరికితే ఏటా ఆ రోజున కలవండి. చెట్టును కాపాడటంలో బోర్డు కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

చెట్టే లేదిప్పుడు. అయినా రాయాలా?

తప్పకుండా. నిర్మల్‌లో రాంజీ గోండునూ ఆయన అనుచరులనూ ఉరితీశారని చెప్పుకునే మర్రి ఇప్పుడు లేదు. కానీ 'వెయ్యి ఉరుల మర్రి' అన్న పేరు ఈనాటికీ అందరి నోటా ఉంది. చెట్టు నిలబడిన చోటును పటంలో గుర్తించండి, ఎలా పోయిందో చూసినవాళ్ళ మాటల్లో రాయండి. ఊరి పేర్లూ సాక్ష్యమే. మర్రిగూడ, చింతలపూడి, రావిపాడు, వేపగుంట లాంటి చోట్ల ఆ పేరు తెచ్చిన చెట్టు ఎక్కడుండేదో అడిగితే ఒకరిద్దరికైనా తెలిసే ఉంటుంది.

మేం ఊరొదిలి దూరంగా ఉంటున్నాం. ఏం చేయగలం?

ఆల్బమ్‌లో చెట్టు కనిపించే ప్రతి ఫొటో స్కాన్ చేసి, వెనక రాసిన రాతతో సహా పంపండి. అమ్మమ్మ, తాతయ్యలతో ఫోన్లో మాట్లాడేటప్పుడు రికార్డు చేయండి. డబ్బు పంపాలనుకుంటే మాత్రం ఆలోచించండి. తల్లిదండ్రుల పేరున గ్రానైటు అరుగు కట్టించడం ఇప్పుడు మామూలైపోయింది, చెట్టుకు అది మేలు చేయదు. అదే డబ్బుతో నాలుగైదు వేసవులు నీళ్ళ ట్యాంకరు తోలించవచ్చు, బరువు కొమ్మలకు ఆసరా కట్టించవచ్చు, చుట్టూ కంచె వేయించవచ్చు. పేరు రాయించాలంటే ఆ కంచె మీద రాయించండి.

## అరుగు, నేల, నీళ్ళు

రచ్చబండకు గుండ్రంగా సిమెంటు అరుగు కట్టిద్దామనుకుంటున్నాం. తప్పేముంది?

చెట్టుకు తిండి తెచ్చే సన్నని వేళ్ళు ఎక్కువగా పైన ఒకటిన్నర, రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి. వాటికి నీళ్ళెంత అవసరమో గాలీ అంతే. అరుగు కట్టేటప్పుడు మూడు దెబ్బలు పడతాయి. పునాది కోసం తవ్వి వేళ్ళు నరుకుతారు. మాను చుట్టూ రెండు మూడడుగుల మట్టి నింపుతారు. పైన సిమెంటు పోస్తారు. మట్టిలో కప్పబడిన బెరడు ఎప్పుడూ చెమ్మగా ఉండి కుళ్ళుతుంది. వాన నీరు లోపలికి దిగదు. అయినా చెట్టు వెంటనే చావదు. నిలవున్న శక్తితో ఐదారేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు నెట్టుకొస్తుంది. ఆ తర్వాత చివరి కొమ్మలు ఎండుతాయి, ఒక గాలివానకు మాను మొదలంటా పడుతుంది. అప్పటికి అరుగు సంగతి అందరూ మరిచిపోయి "ముసలిదైపోయింది, పడిపోయింది" అనేస్తారు.

కూర్చోవడానికి చోటు కావాలంటే ఇంకో దారి ఉంది. నేల ఎత్తు మార్చకండి. తాండూరు బండో బేతంచర్ల బండో 5 సెంటీమీటర్ల ఇసుక మీద పరవండి, బండకూ బండకూ మధ్య రెండు వేళ్ళ సందు వదలండి, ఆ సందుల్లో సిమెంటు పూయొద్దు. మాను నుంచి కనీసం 3 మీటర్ల చుట్టూ ఏమీ పరవకుండా మట్టి నేలే ఉంచండి. రాతి బెంచీలు వేస్తే కాళ్ళ గుంతలు చేత్తో తవ్వండి. బొటనవేలి కంటే లావు వేరు తగిలితే గుంతను పక్కకు జరపండి.

ఇప్పటికే సిమెంటు పోసేశారు. ఇప్పుడేం చేయాలి?

తొలకరి పడ్డాక పని మొదలుపెట్టండి. ఎండాకాలంలో వేళ్ళు బయటపడితే ఎండిపోతాయి. జేసీబీ, డ్రిల్లింగ్ బ్రేకరు వద్దు. సుత్తి, ఉలి చాలు. ముందు మాను చుట్టూ ఒక మీటరు వెడల్పున పగలగొట్టండి, అదీ ఒకేసారి కాదు, పావు భాగం చొప్పున వారానికొకటి. లోపల పోసిన మట్టిని పారతో కాకుండా చిన్న బొరిగెతో, చేత్తో తీస్తూ వెళ్ళండి. మాను కిందికి వచ్చేకొద్దీ వెడల్పై వేళ్ళుగా విచ్చుకునే చోటు కనిపిస్తుంది. అక్కడికి ఆగాలి. అదే చెట్టు అసలు నేలమట్టం. బయటపడిన వేళ్ళ మీద అదే రోజు తడి గోనెసంచి కప్పి, మరుసటి రోజు 5 నుంచి 8 సెంటీమీటర్ల ఎండాకులు, ఆకుల ఎరువు పరవండి. ఇది మాను బెరడును తాకకూడదు, ఒక అడుగు ఎడం ఉంచండి.

మొత్తం తీయడానికి ఊళ్ళో ఒప్పుకోకపోతే మిగిలిన సిమెంటులో రెండడుగులకొకటి చొప్పున మూడంగుళాల రంధ్రాలు వేయించి కంకరతో నింపండి. పూర్తి పరిష్కారం కాదు, కొంత గాలి అయినా ఆడుతుంది.

పాత చెట్టుకు నీళ్ళు పోయాలా? ఎరువు వేయాలా?

మామూలు ఏళ్ళలో అక్కర్లేదు. వానలు తప్పిన ఏడు, వేళ్ళు దెబ్బతిన్నప్పుడు, మార్చి నుంచి జూన్ వరకు రెండు మూడు వారాలకొకసారి తడపండి. మాను మొదట్లో బిందెలతో పోస్తే లాభం లేదు. నీళ్ళు తాగే వేళ్ళు గొడుగు అంచు కింద ఉంటాయి. గొడుగు వ్యాసార్థం 12 మీటర్లైతే అంచు వెంట 2 మీటర్ల పట్టీ అడుగు లోతు తడవడానికి 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి పడుతుంది. నెమ్మదిగా వదలాలి. మరునాడు ఇనుప చువ్వ గుచ్చి చూడండి. అడుగు లోతుకు సులువుగా దిగితే చాలినట్టు.

యూరియా వద్దు. లేతాకు ఒక్కసారిగా వచ్చి పురుగును పిలుస్తుంది. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకుండా అక్కడే కుళ్ళనివ్వడమే మంచి ఎరువు. ఆకు తగలబెడితే ఎరువూ పోతుంది, మంట సెగకు బెరడూ చస్తుంది.

కాండానికి సున్నం, జాజు పూయొచ్చా?

పూయొచ్చు, హాని లేదు. ఆయిల్ పెయింటు మాత్రం పూయకండి. మేకులు, ఫ్లెక్సీ తీగలు, కేబుల్ వైర్లు తీసేయండి. కాండం లావెక్కేకొద్దీ తీగ బెరడులోకి కోసుకుపోయి పైకీ కిందికీ ఆహారం నడవకుండా చేస్తుంది.

తొర్రలో దీపం పెడుతున్నారు. వద్దంటే నొచ్చుకుంటున్నారు.

వద్దనకుండా చోటు మార్చండి. మానుకు 2 మీటర్ల దూరంలో చిన్న రాతి దీపపు గూడు పెట్టించి, మొదటి దీపం గ్రామదేవత పూజారి చేతే పెట్టించండి. తొర్రలోపల పుచ్చిన కట్టె నిప్పుపెట్టెలా ఉంటుంది. రాత్రి అంటుకుంటే లోపల పొగ గొట్టంలా పైకి లాగి, తెల్లారేసరికి మానును తినేస్తుంది. కర్పూరం, అగరబత్తుల వల్ల కూడా ఇలా జరుగుతుంది.

## జబ్బు పడితే

ఆకులన్నీ రాలిపోయాయి. చచ్చిపోయినట్టేనా?

నెల చూడండి. రావి మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాల్చి ఉగాదికి చిగురిస్తుంది. అది సహజం. అనుమానంగా ఉంటే వేర్వేరు వైపుల నుంచి నాలుగు చిన్న కొమ్మలను గోటితో గీరండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ పోయింది. ఒకవైపే ఎండితే ఆ వైపు నేలలో కారణం వెతకండి. కాలువ తవ్వకమో, కొత్త రోడ్డో, డ్రైనేజీ నీరో ఉంటుంది.

చెదలు పట్టాయి. మందు కొడితే పోతుందా?

బెరడు మీద మట్టి గూళ్ళు కనిపించగానే భయపడక్కర్లేదు. చాలాసార్లు అవి ఎండిన పైబెరడునే తింటాయి. గూడు గీకేసి చూడండి. కింద బెరడు గట్టిగా ఉంటే చీపురుతో దులిపి, నెలకొకసారి చూస్తే సరి. గుచ్చితే చువ్వ లోపలికి దిగిపోతే, తడితే డొల్లగా మోగితే లోకట్టెలోకి వెళ్ళినట్టు. అప్పుడు క్లోరోపైరిఫాస్ 20 ఈసీ లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున కలిపి గూళ్ళు తీసిన చోట, మొదలు చుట్టూ మట్టిలో పోస్తారు. బావి, తాగే నీటి బోరు, చెరువు దగ్గరలో ఉంటే వాడకండి. మండల వ్యవసాయాధికారిని అడిగాకే వాడండి, చేతులకు తొడుగులు ఉండాలి.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దీనికి పెద్ద పాఠం. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక సందర్శకులను ఆపేశారు. చెదలు లోపలంతా తొలిచేశాయి. రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయింది. చివరికి ఆసుపత్రి సెలైన్ సీసాల్లాగా కొమ్మలకు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు, వేళ్ళకు పైపులతో మందు పంపారు, బరువు కొమ్మల కింద స్తంభాలు నిలబెట్టారు. చెట్టు నిలబడింది. కానీ అంత దూరం రాకముందే ఏటా ఒకసారి గూళ్ళు గీకి చూసుకోవడం ఎంతో తేలిక.

చెట్టు మొదట్లో గట్టి పుట్టగొడుగులు చెక్కల్లా వచ్చాయి. తీసేస్తే సరిపోతుందా?

సరిపోదు. బయట కనిపించేది కాయ మాత్రమే, లోపల వేరు కుళ్ళు చాలాకాలంగా ఉంది. దీనికి నయం చేసే మందు లేదు. నీరు నిలవకుండా చూడండి, ఆ వైపు బరువు కొమ్మలు తగ్గించండి. గాలివాన సూచన ఉన్న రోజు ఆ చెట్టు కింద సంత, బడి పెట్టనీయకండి.

తొర్రను సిమెంటుతో పూడ్చమంటున్నారు.

వద్దు. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. అంచున పగులు పడి నీరు చేరి కుళ్ళు వేగమవుతుంది. చెత్త తీసేసి, లోపలి గట్టి కట్టెను గీకకుండా వదిలేయండి. చిలకలు, గుడ్లగూబలు కాపురం ఉంటే అసలు ముట్టుకోవద్దు.

ఎండిన కొమ్మ బడి వైపు ఉంది. ఎలా కొట్టించాలి?

మూడు కోతల్లో. మానుకు ఒకటిన్నర అడుగు దూరంలో కింది నుంచి పైకి మూడో వంతు కోయాలి. దానికి కొంచెం అవతల పై నుంచి కోస్తే కొమ్మ తెగి పడుతుంది, బెరడు చీలుకుని రాదు. చివరగా మిగిలిన మోడును మాను దగ్గరి ఉబ్బు మెడకు ఆనుకుని, ఆ మెడ తెగకుండా తీయాలి. మెడ తెగితే గాయం మూసుకోదు. మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీరు 10 లీటర్లు కలిపిన బోర్డో పేస్టు పూయడం మన తోటల్లో అలవాటు. ఇనుప డబ్బాలో కలపకండి. కోత సరిగ్గా ఉండటం పేస్టు కంటే ముఖ్యం.

## మర్రి ఊడలు

ఊడలు నేలకు దిగడం లేదు. దింపడం ఎలా?

దిగకపోవడానికి కారణం ఎక్కువగా మనమే. పిల్లలు ఊగుతారు, మేకలు చివర్లు కొరుకుతాయి, పళ్ళపుల్లకని తెంపుతారు. కొన తెగిన ఊడ చీలి కుచ్చులా ఆగిపోతుంది.

వానాకాలం మొదట్లో, అడ్డంగా బాగా సాగిన బరువు కొమ్మల నుంచి వేలాడుతూ, కొన లేతగా మెరుస్తున్న పెన్సిలు లావు ఊడలను ఎంచుకోండి. మూడు నాలుగు అంగుళాల లావు వెదురు బొంగును నిలువునా రెండుగా చీల్చి లోపలి కణుపులు తీసేయండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమానంగా, కాస్త కొబ్బరిపొట్టుతో కలిపి తడపండి. ఊడను మధ్యలో ఉంచి రెండు బద్దలూ మూసి, మట్టి నింపుతూ కొబ్బరితాడుతో కట్టండి. ఇనుప తీగ వద్దు. బొంగు కింది కొస రెండడుగుల చదరం గుంతలో గుల్ల చేసిన మట్టిలోకి దిగాలి. పై నుంచి వాన లేని ప్రతి రోజూ ఒక చెంబు నీళ్ళు పోయండి. చుట్టూ తుమ్మకంప వేయండి. నేల పట్టిన ఊడ బిగుసుకుని తీగలా లాగుకుంటుంది, తాకితే తెలుస్తుంది. బొటనవేలి లావయ్యాక బొంగు విప్పేయాలి. పీవీసీ గొట్టం వాడి అలాగే మరిచిపోతే లోపలే పీక నొక్కుకుంటుంది.

ఒక పెద్ద కొమ్మకు రెండు మూడు చాలు. బాట మీదికి, గుడి గోడ మీదికి వచ్చేవాటిని దింపకండి. తర్వాత ఎవరో ఒకరు నరుకుతారు.

అసలు మాను పుచ్చిపోయింది. మర్రి చచ్చిపోయినట్టేనా?

కాదు. హౌరా వృక్షోద్యానంలోని మహావటవృక్షానికి తుపాన్ల తర్వాత బూజు పట్టి, 1925లో అసలు మానునే తొలగించారు. వేల ఊడల మీద అది ఈనాటికీ పెరుగుతోంది. చెన్నై అడయారు మర్రి మాను 1989లో గాలివానకు పడిపోయింది, మిగతా చెట్టు బతికింది. ఊడలు నేల పట్టి ఉన్నంత వరకు దిగుల్లేదు. ఊడలు నరికి "శుభ్రం" చేసిన మర్రికే మాను పోతే అంతా పోతుంది.

## రోడ్డు, చట్టం, బదిలీ

రోడ్డు వెడల్పులో మా చెట్టుకు నంబరు వేశారు. ఏం చేయాలి?

నంబరు వేసిన రోజే కదలండి, కోత రోజున కాదు. చెట్టు ఎక్కడుంది, చుట్టుకొలత, గొడుగు, ఫొటోలు, ఊరివాళ్ళ వాంగ్మూలాలు జతచేసి గ్రామసభ తీర్మానం చేయించండి. కలెక్టరుకు, రోడ్డు వేసే శాఖకు, అటవీ డివిజన్ అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. "కొట్టొద్దు" అని మాత్రమే చెప్పి ఆగకుండా ప్రత్యామ్నాయం చూపండి. అవతలి వైపు వెడల్పు చేయడం, చెట్లను రోడ్డు మధ్య డివైడరులో ఉంచడం, చిన్న బైపాసు. హైదరాబాద్ - బీజాపూర్ రహదారిలో చేవెళ్ళ దారి పొడవునా ఉన్న తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్ల కోసం ప్రజలు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళగలిగారంటే, ఒక్కో చెట్టునూ లెక్కపెట్టి రాసి పెట్టుకున్న జాబితా చేతిలో ఉండబట్టే.

రోడ్డు పక్క తవ్వకం తప్పకపోతే మాను అడ్డుకొలతకు 12 రెట్ల దూరం లోపల యంత్రం పెట్టనీయకండి. మీటరు మందం మాను అయితే 12 మీటర్లు.

పంచాయతీ తీర్మానం చేస్తే చెట్టు కొట్టేయొచ్చా?

తీర్మానం ఒక్కటే చాలదు. రెండు రాష్ట్రాల్లోనూ 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనేది, అమల్లో ఉంది. ముందస్తు అనుమతి కావాలి, కొట్టినదానికి బదులు మొక్కలు నాటాలి. అనుమతి కాగితం చూపించమని అడిగే హక్కు ఊరివాళ్ళకు ఉంది.

మా చెట్టును వారసత్వ చెట్టుగా ప్రకటించుకోవచ్చా?

జీవవైవిధ్య చట్టం (2002) 37వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం స్థానిక సంస్థలతో సంప్రదించి జీవవైవిధ్య వారసత్వ స్థలాలను ప్రకటించగలదు. కర్ణాటకలో దేవనహళ్ళి దగ్గరి నల్లూరు చింతతోపు 2007లో దేశంలో మొదటిదిగా ఆ గుర్తింపు పొందింది. ఒంటి చెట్టు కంటే తోపుకు, చెరువుతో కలిసిన చెట్ల వరసకు అవకాశం ఎక్కువ. ఈలోగా గ్రామ జీవవైవిధ్య కమిటీ చేత ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో చెట్టును పేరుతో సహా రాయించండి. ఖర్చు లేదు, రేపు వాదనకు ఆధారం అవుతుంది.

పెకలించి వేరేచోట నాటితే బతుకుతుందా?

మర్రి, రావి బాగా తట్టుకుంటాయి. పెద్ద చింత, వేప అంతగా తట్టుకోవు. కొమ్మలు చాలావరకు కొట్టేసి, చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో క్రేనుతో ఎత్తి నాటాక రెండు మూడు వేసవులు నీళ్ళు కావాలి. చాలాచోట్ల చెట్టు నాటడానికి డబ్బుంటుంది, ఆ తర్వాత నీళ్ళకు ఉండదు. ఒప్పందంలో మూడేళ్ళ నీళ్ళ బాధ్యత ఎవరిదో పేరుతో రాయించండి. పైగా రచ్చబండ మర్రిని ఔటర్ రింగు రోడ్డు పక్కకు తరలిస్తే బతికేది మానే, రచ్చబండ కాదు. బదిలీని ఆఖరి దారిగానే ఒప్పుకోవాలి.

గబ్బిలాలు, కొంగలు వాలి రెట్టలు వేస్తున్నాయి. కొమ్మలు కొట్టించొచ్చా?

గూళ్ళు కట్టే కాలంలో అస్సలు వద్దు. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో చింతల మీద గూడు కట్టే ఎర్రకాళ్ళ కొంగలను ఊరివాళ్ళే తరతరాలుగా కాపాడుతున్నారు. గబ్బిలం కొరికిన పండు తినకుండా, కింద నీళ్ళ తొట్టికి మూత పెట్టుకుంటే చాలు.

## కూలిపోయాక

గాలివానకు కూలింది. మళ్ళీ లేపొచ్చా?

సగం వేళ్ళైనా నేలలో ఉంటే ప్రయత్నించవచ్చు. వెంటనే వేళ్ళ మీద తడి గోనెలు కప్పండి, రంపంతో వచ్చేవాళ్ళను ఆపండి. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ఎన్నో సినిమాల్లో కనిపించిన నిద్రగన్నేరు, అందరూ 'సినిమా చెట్టు' అనేది, గోదావరి వరదల తర్వాత 2024 ఆగస్టులో కూలింది. కొమ్మలు కత్తిరించి, మొదలుకు మందులు పూసి చూస్తే కొద్ది వారాల్లో చిగుర్లు వచ్చాయి. పడిపోయిన మానును తీసేయాలని తొందరపడి ఉంటే ఆ చిగుర్లు రావు. దారికి అడ్డం లేకపోతే ఒక వానాకాలమంతా కదపకుండా చూడండి.

దాని పిల్లనే మళ్ళీ అదే చోట నాటాలంటే?

మర్రికి సులువు. మణికట్టు లావున, ఆరేడడుగుల పొడవు కొమ్మను తొలకరికి కోసి, కింది కోత ఏటవాలుగా పెట్టి, రెండడుగుల లోతున పాతండి. అది అదే చెట్టు, విత్తనంతో వచ్చిన వేరే మొక్క కాదు. రావి కొమ్మ నుంచి రావడం కష్టం, పది పెడితే ఒకటి రెండు పట్టవచ్చు. చింతకు గింజ నుంచి వచ్చేది పిల్లే గానీ అదే చెట్టు కాదు. అదే పులుపు, అదే కాయ కావాలంటే కూలిన వారంలోపే పుల్లలు కోసి నర్సరీలో అంటు కట్టించాలి. వేప గింజ రాలిన రెండు మూడు వారాల్లో విత్తకపోతే మొలకశక్తి పోతుంది. ఇవన్నీ చెట్టు బతికుండగానే చేసి పెట్టుకోవడం మేలు. నాలుగు మొక్కలు నాలుగు చోట్ల, ఒకటి బడిలో.

కలప వేలం వేస్తారట. మాకు జ్ఞాపకంగా ఏమైనా మిగులుతుందా?

వేలానికి ముందే పంచాయతీని అడిగి, మాను అడ్డుకోతగా 10 సెంటీమీటర్ల మందం బిళ్ళ ఒకటి పక్కన పెట్టించండి. చింత, వేపలకు ఇది బాగా నిలుస్తుంది. మర్రి మెత్తది, త్వరగా చెదలు పడుతుంది. కోసిన రోజే రెండు ముఖాలకూ మైనం పూసి, నీడలో ఇటుకల మీద, గాలి ఆడేలా ఏడాది పాటు ఆరబెట్టండి. ఎండలో పెడితే మధ్యకు చీలుతుంది. ఆరాక బడి గోడకు బిగించి, కింద చెట్టు పేరు, చోటు, కొలత, కూలిన తారీఖు రాయించండి.